బండి వెనక ఎర్ర కోన్

పోయిన వారం మీరూ నేనూ పదకొండో ఇంటి ముందు ఆగిపోయాం. బండి ఆపాను, హ్యాండ్‌బ్రేక్ లాగాను, కోన్ తీద్దామని సీటు వెనక గూట్లో చెయ్యి పెట్టాను. గూడు ఖాళీ. కథ కూడా అక్కడే ఆగింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పదకొండేళ్ళు స్కూలు బస్సులో ఆయాగా చేశాను. స్కూలు మూతపడింది, బస్సు అమ్మేశారు, నేను మిగిలాను. ఆ పదకొండేళ్ళూ బస్సు వెనక నిలబడి డ్రైవరుకి "రానీ, రానీ" అని చెప్పింది నేనే. మనసు మాత్రం ఎప్పుడూ ముందు సీటు మీదే ఉండేది. లైసెన్సు తెచ్చుకుని ఈ పార్సిళ్ళ కంపెనీలో డ్రైవరు ఉద్యోగానికొస్తే, వరసలో ఉన్న మగవాళ్ళు నన్ను ఆఫీసు ఊడ్చడానికి వచ్చిన మనిషిననుకుని పక్కకి జరిగి దారి కూడా ఇచ్చారు. ఆ వరసలోంచి నన్ను పిలిచి "ఈ అమ్మాయికి నేను నేర్పుతాను" అన్నది కొత్త డ్రైవర్లకి శిక్షణ ఇచ్చే మాస్టారు. నలభై రెండేళ్ళదాన్ని అమ్మాయి అన్నందుకే ఆయన మీద సగం గౌరవం పుట్టింది. అప్పట్నుంచి డిపోలో నా పేరు కొత్తమ్మాయి. ఆరు రోజుల శిక్షణ, రోజుకో సంతకం, ఆరో రోజు పరీక్ష. పోతే మళ్ళీ ఏడాది దాకా ఆ గేటు లోపలికి రానివ్వరు. ఇవాళ ఐదో రోజు.

ఇక కోన్ సంగతి. ఎక్కడ బండి ఆపినా డ్రైవరు దిగి, మోకాలెత్తు ఎర్ర కోన్ ఒకటి తీసుకెళ్ళి బండి వెనక పెట్టాలి. కదిలేముందు వెళ్ళి తెచ్చుకోవాలి. ఇది కంపెనీ పద్ధతి. వెనకొచ్చేవాళ్ళకి బండి కనబడాలని కాబోలు అనుకున్నాను మొదటిరోజు. కాదట. కోన్ కోసమైనా డ్రైవరు వెనక్కి నడుస్తాడు, నడిస్తే బండి వెనక ఏముందో చూస్తాడు. అదీ కిటుకు. ఈ ముక్క విన్న దగ్గర్నుంచీ మా అత్తగారు నన్ను వదలడం లేదు. కంపెనీ ఇచ్చిన నిబంధనల పుస్తకం నాకంటే ముందు ఆవిడ కంఠతా పట్టేసింది. పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తూ "కదిలేముందు ఏం చెయ్యాలి?" అని అడుగుతుంది. జవాబు చెప్పేదాకా గ్లాసు వదలదు. మా ఆయన సైకిలు బయటికి తీస్తున్నా లోపల్నుంచి కేకేస్తుంది, "చుట్టూ తిరిగి చూసుకున్నావురా?" అని.

అంటే, గూట్లో కోన్ లేదంటే అర్థం ఒక్కటే. పదో ఇంటి దగ్గర నేను వెనక్కి వెళ్ళలేదు. చూడకుండానే బండి తీశాను.

ఎలా జరిగిందో కళ్ళ ముందు తిరిగింది. ఇరుకు సందు. పార్సిలు తీసుకున్న ముసలాయన స్కానర్ మీద సంతకం పెట్టడానికి వేలు ఎక్కడ పెట్టాలో మూడుసార్లు అడిగాడు. ఈలోపు ఎదురుగా ఒక వ్యాను వచ్చి ఆగకుండా హారన్ కొట్టడం మొదలుపెట్టింది. నాకు కంగారు పుట్టి గేటు దగ్గర్నుంచి తిన్నగా ముందు తలుపు వైపు పరిగెత్తాను. వ్యాను వెనక్కి వెళ్ళనంది. మేమే వెళ్ళాలి. కొత్త బళ్ళకి వెనక కెమెరాలున్నాయి, మాది పాత బండి, అద్దాలే దిక్కు. మాస్టారు దిగి వెనక నిలబడి చెయ్యి ఊపుతూ "రానీ... రానీ..." అన్నారు. ఎడమ చక్రం దేన్నో ఎక్కి దిగింది. నేను బ్రేకు మీద కాలేశాను. "గట్టు తగిలింది, ఏం కాదు, రానీ" అన్నారు. ఆయన అన్నాక ఇంకేముంది, వచ్చేశాను.

గట్టయితే ఎక్కుతుంది, దిగదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది.

"మాస్టారూ, కోన్ లేదు" అన్నాను.

ఆయన ఒళ్ళో స్కానర్ పెట్టుకుని కూర్చున్నారు. "సరిగ్గా చూడు."

"చూశాను. పదో ఇంటి దగ్గర మర్చిపోయాను. ఆ తగిలింది గట్టు కాదేమో మాస్టారూ."

"గట్టే. చెప్పాను కదా."

"నా తప్పు నేను ఒప్పుకుంటాను. కోన్ తియ్యలేదు. కానీ మీరు వెనకే ఉన్నారు కదా. మీకు కనబడి ఉండాలి కదా."

మాస్టారు జేబు రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. "ఎండ కళ్ళల్లో పడింది" అన్నారు.

నేను అద్దంలోంచి ఆకాశం వైపు చూశాను. పొద్దున్నుంచీ మబ్బే.

ఇంకేం అనకుండా బండి తిప్పాను. పదకొండో ఇంటివాళ్ళు తలుపు తీసుకుని నిలబడి, మేము పార్సిలు ఇవ్వకుండా వెళ్ళిపోతుంటే నోరు తెరుచుకుని చూశారు. వెనక్కి వెళ్ళడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో నేను ఎన్ని ఊహించుకున్నానో చెప్పలేను. చక్రం కింద కోన్ ఉందనుకుంటే సరే. కోన్ పక్కన ఇంకేదో ఉంటే? పదకొండేళ్ళు ఒక్కొక్క పిల్లనీ తల మీద చెయ్యిపెట్టి లెక్కపెట్టి దించిన మనిషిని నేను. ఒక్క తల తగ్గినా బస్సు కదలనిచ్చేదాన్ని కాదు. అలాంటిది నా చేతికి స్టీరింగ్ వచ్చిన ఐదో రోజున వెనక ఎవరున్నారో చూడకుండా బండి తీశాను. ప్రతి మలుపుకీ ముందే గొంతు సవరించుకునే మాస్టారు, ఇవాళ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

సందు మొదట్లోనే ఆపి, దిగి పరిగెత్తాను.

కోన్ ఉంది. చదునుగా, నేలకి అతుక్కుని, నల్లటి టైరు గుర్తుతో ఉంది. దాని చుట్టూ ఇంకేమీ లేదు. రక్తం లేదు, చెప్పు లేదు, ఏడుపు లేదు. ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్నాక, కోన్ కింద నేల మీద గీతలు చూశాను. సుద్దముక్కతో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళు. టైరు గుర్తు మూడో గడి మీదుగా, రెండో గడి మీదుగా వెళ్ళింది. ఒకటో గడిలో పెంకుముక్క అలాగే ఉంది.

పక్క గేటు తీసుకుని ఒకావిడ బయటికొచ్చింది. చేతులు సబ్బు నురగతో ఉన్నాయి.

"ఇందాక వెనక్కొచ్చింది మీ బండేనా?"

"అవునండీ."

"పిల్లలు అప్పుడే నీళ్ళు తాగడానికి లోపలికొచ్చారు. లేకపోతే..." అని, ఆ మాట పూర్తి చెయ్యలేదు. "మీరు కొత్తా?"

"కొత్తేనండీ. నాదే తప్పు. క్షమించండి."

"మీరు ముందున్నారు, మీకేం కనబడుతుంది? వెనక నిలబడి రమ్మన్నాడు, కిటికీలోంచి చూశాను, ఆయన్నడగాలి." ఆవిడ నా భుజం మీదుగా మా బండి వైపు చూసింది. పెదాలు కదిలాయి. తలుపు మీద పెద్ద అంకెల్లో కంపెనీ ఫోన్ నంబరు రాసి ఉంటుంది. ఫిర్యాదులుంటే చెప్పమని. ఆవిడ దాన్ని చదివి, మనసులో వేసుకుని, లోపలికెళ్ళి గేటు వేసుకుంది.

నేను నలిగిన కోన్ పట్టుకుని బండి దగ్గరకొచ్చాను. మాస్టారు దిగి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయనకి మూరెడు దూరంలో ఆగి, కోన్ ఎత్తి ఆయన మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. కోపంగానే పట్టుకున్నాను, దాచుకోవడం దేనికి.

ఆయన తిన్నగా దాని వైపే చూస్తూ అడిగారు. "దొరికిందా?"

నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

మళ్ళీ అడిగారు. "ఏమ్మాయ్, దొరికిందా లేదా?"

"దొరికింది మాస్టారూ" అన్నాను. "మీ ఎదురుగానే ఉంది."

ఆయన మొహంలో రంగు మారింది. తల కొంచెం పక్కకి తిప్పారు. అలా తిప్పాక కోన్ కనబడింది కాబోలు, చెయ్యి చాచి మెల్లగా తీసుకుని, దాని అంచు వేళ్ళతో తడిమి చూశారు.

ఇద్దరం బండెక్కి కూర్చున్నాం. ఈ ఐదు రోజులూ జరిగినవి ఒక్కొక్కటే ఇప్పుడు నాకు అర్థమవుతూ వచ్చాయి. ఇంటి నంబర్లన్నీ నాతో గట్టిగా చదివించారు, 'అలవాటవ్వాలి అమ్మాయ్, గట్టిగా చదువు' అంటూ. పార్సిళ్ళ మీద చీటీలూ నేనే చదవాలి. స్కానర్ మీద ఏం రాసొచ్చిందో నేనే చెప్పాలి. నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ మొహం కాస్త పక్కకి పెట్టుకునేవారు. ఆయన ఆడవాళ్ళ మొహంలోకి చూడరు, ఎంత మర్యాదస్తుడో అని మా అత్తగారికి గొప్పగా చెప్పాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి మాస్టారూ?"

"రెండేళ్ళు దాటింది." గొంతు చాలా మామూలుగా ఉంది. "మధ్యలో ఒక మచ్చ. చుట్టూతా బానే కనబడుతుంది. ఏది చూద్దామనుకుంటే అదే కనబడదు."

"మరి కంపెనీలో ఏటా కళ్ళ పరీక్ష చేస్తారు కదా?"

"వరసలో వెనకాల నిలబడతాను. ముందున్నవాళ్ళు గోడ మీది అక్షరాలు చదువుతుంటే విని గుర్తుపెట్టుకుంటాను. ఎప్పుడూ అవే అక్షరాలు. మార్చరు."

ఇంకోరోజైతే నవ్వేదాన్నేమో. ఇవాళ ఒళ్ళు మండింది. "ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడకి కూడా తెలీదు. రిటైరవ్వడానికి ఇంకో ఏడాదిన్నర ఉంది నాకు. ఎవరికీ అపకారం చెయ్యట్లేదు అమ్మాయ్. కనబడనప్పట్నుంచీ స్టీరింగ్ ముట్టుకోలేదు నేను. నడపట్లేదు కదా, నేర్పుతున్నాను."

"వెనక నిలబడి 'రానీ' అన్నారు కదా. అది నడపడం కాదా?" నా గొంతు లేచింది. "పదకొండేళ్ళు ఆ పనే చేశాను నేను. రానీ అంటే ఏంటో తెలుసా మాస్టారూ? నా కళ్ళు నీకిస్తున్నానని. మీ దగ్గర లేనివి మీరెలా ఇచ్చారు నాకు?"

ఆయన తల దించుకున్నారు. అంత పెద్దాయన్ని అంత మాట అన్నందుకు నాకే తల కొట్టేసినట్టయింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

తల ఎత్తకుండానే అన్నారు. "నిన్నెందుకు పిలిచానో తెలుసా వరసలోంచి?"

నాకు తెలుసనుకున్నాను. నా చేతుల్లో డ్రైవరు కనబడిందనుకున్నాను.

"నోటీసు బోర్డు మీదున్నది పక్కనెవరికో చదివి వినిపిస్తున్నావు. గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంది. ఈ మనిషైతే అడక్కుండానే అన్నీ చదివి చెబుతుందనుకున్నాను."

ఆ మాట నన్ను కోన్ కంటే ఎక్కువ నలిపింది. ఐదు రోజులుగా గుండెల్లో పెట్టుకు తిరుగుతున్నది ఒక్క ముక్కతో తీసేశారు. అబద్ధం చెప్పినా బాగుండేది కదా అనిపించింది.

"కానీ నువ్వు బాగా నడుపుతావు" అన్నారు చివరికి. "అది మాత్రం చూడక్కర్లేదు, కూర్చుంటే తెలుస్తుంది."

నేను ఇంజను స్టార్ట్ చేశాను. "మిగతా ఇళ్ళ దగ్గర మీరు దిగొద్దు. నేనే దిగి చూసుకుంటాను."

"రేపు పరీక్ష."

"తెలుసు."

"కాగితం మీద సంతకం నాదే" అన్నారాయన. బెదిరించారో, బతిమాలారో ఆ గొంతులో నాకు తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

మిగిలిన తొమ్మిది ఇళ్ళ దగ్గరా దిగి, నలిగిన కోనే నిలబెట్టాను. అది నిలబడదు, పక్కకి ఒరిగిపోతుంది. అయినా పెట్టాను, తీశాను. బండి చుట్టూ ఒకసారి కాదు, రెండేసి సార్లు తిరిగాను. వెనక్కి తియ్యాల్సి వచ్చినచోట కొంచెం తీసి, ఆపి, దిగి చూసి, మళ్ళీ ఎక్కి తీశాను. మా అత్తగారు చూస్తే మురిసిపోయేది. డిపోకి గంటన్నర ఆలస్యంగా చేరాం. దారంతా ఒకటే ఆలోచన. చెబితే ఆయన బతుకు రోడ్డున పడుతుంది. ఆయన సంతకం లేకపోతే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు పరీక్షలో సామాన్లెక్కించే అరుగు దగ్గరికి నేను బండి వెనక్కి పెడుతుంటే, అటూ ఇటూ మూటలు మోసుకుంటూ మనుషులు తిరుగుతుంటే, వెనక నిలబడేది ఆయనే.

డిపో గేట్లోకి తిరిగేసరికి కాపలా మనిషి చెయ్యెత్తి ఆపాడు. "ఇన్‌ఛార్జి గారు ఇద్దర్నీ రమ్మన్నారు" అన్నాడు.

ఇన్‌ఛార్జి గదిలో గోడకంతా బండి తాళాలు వేలాడుతుంటాయి. ఆయన మాకు వీపు పెట్టి నిలబడి, వచ్చిన తాళాలు ఒక్కొక్కటే కొక్కేలకి తగిలిస్తున్నాడు. మంచివాడే, కాకపోతే అరవడం రాదు. అరిచేవాళ్ళతో నాకు భయం లేదు, వీళ్ళతోనే. బల్ల మీద నా శిక్షణ కాగితం ఉంది. నాలుగు గళ్ళలో మాస్టారి సంతకాలు. ఐదోది, ఆరోది ఖాళీ. దాని పక్కన మడిచిన కాగితం ఇంకొకటుంది.

"కూర్చోండి" అన్నాడు ఇన్‌ఛార్జి వెనక్కి తిరక్కుండానే. "మీ బండి మీద ఎవరో ఫోన్ చేశారట. ఫోన్ దగ్గరుండే అమ్మాయి రాసి పెట్టింది. నేనింకా చూళ్ళేదు. మాస్టారూ, చదవండి. గట్టిగా చదవండి, కొత్తమ్మాయి కూడా వినాలి."

మాస్టారు కాగితం తీసుకుని మడత విప్పారు. ఒళ్ళో నలిగిన కోన్ ఉంది. ఒక్క క్షణం కాగితం వైపు చూసి, దాన్ని నా వైపు జరిపారు.

"కొత్తమ్మాయే చదువుతుంది సార్. అలవాటవ్వాలి కదా."

ఐదు రోజులూ విన్న మాటే. అదే గొంతు.

కాగితం మీద నాలుగు వాక్యాలున్నాయి. పైకి చదవకముందే నాలుగూ కళ్ళతో చదివేశాను. అదే నేను చేసిన పొరపాటు. మొదటి మూడూ గడగడా చదివాను. "బండి చూసుకోకుండా వెనక్కి వచ్చింది. పిల్లలు ఆడుకునే చోట కోన్ మీద నుంచి ఎక్కించారు. డ్రైవరు తిరిగొచ్చి తప్పు ఒప్పుకుంది." అక్కడ ఆగాను.

నాలుగో వాక్యం నా వేలి కింద ఉంది. 'వెనక నిలబడినాయన కోన్ వైపే చూస్తూ రమ్మన్నాడు, ఆయనకి కళ్ళు కనబడుతున్నాయో లేదో ఒకసారి చూపించండి.'

"అంతేనా?" ఇన్‌ఛార్జి ఇంకా తాళాలే సర్దుతున్నాడు. ఒక్క 'అంతే సార్' అని, కాగితం మడిచి జేబులో వేసుకుంటే చాలు. తప్పు కోన్‌ది, కోన్ నాది, హెచ్చరించి వదిలేస్తాడు. రేపు పరీక్ష, ఎల్లుండి నుంచి ముందు సీటు నాది.

కిటికీ బయట ఎవరి బండో వెనక్కి వస్తూ కీచుమంటోంది. ఒకటో గడిలో పెంకుముక్క గుర్తొచ్చింది నాకు.

"ఇంకో వాక్యముంది సార్" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

మాస్టారు నా వైపు తిరిగారు. తిన్నగా కాదు, తల కొంచెం పక్కకి పెట్టి. ఆయన నన్ను చూడాలంటే అలాగే చూడాలని ఇప్పుడు నాకు తెలుసు. కోన్ మీద చేతులు రెండూ కదలకుండా ఉన్నాయి.

"చదువమ్మాయ్" అన్నారు. "గట్టిగా చదువు."

చదివాను. చివరి మాట దాకా ఆపలేదు.

చేతిలో తాళం కొక్కేనికి తగిలించకుండానే ఇన్‌ఛార్జి ఇటు తిరిగాడు. మాస్టారి వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. వచ్చి బల్లకి అవతల కూర్చుని, నా శిక్షణ కాగితం మీద చెయ్యి పెట్టి, నన్నే అడిగాడు, మెల్లగా.

"ఈయనకి కనబడదన్న సంగతి నీకెప్పుడు తెలిసింది?"

సందులో మధ్యాహ్నమే తెలిసింది. ఆ తర్వాత తొమ్మిది ఇళ్ళు తిరిగాను, డిపోకి ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. ఇన్‌ఛార్జి కదలకుండా నా నోటి వైపు చూస్తున్నాడు. ఆసరా కోసం మాస్టారి వైపు చూశాను. ఈసారి ఆయన తల దించుకుని కోన్ అంచు తడుముకుంటున్నారు. ఇవాళ్టికి కథ ఇక్కడే ఆగింది.